రెండో క్రాంకు కూడా విరగకూడదంటే

ప్రశ్న: మాది నెల్లూరు. పదేళ్లుగా చెన్నై అంబత్తూరులో ఉంటున్నాను. నలుగురు మిత్రులం కలిసి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద పాత సెలూన్ కారుతో రేసులు చేస్తున్నాం. నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్, 1298 సీసీ. బోరు (సిలిండర్ వ్యాసం) 74, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 75.5, మెయిన్ జర్నల్ (క్రాంకు, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, బ్లాకులో కూర్చుని తిరిగే భాగం) 45, క్రాంక్‌పిన్ (కనెక్టింగ్ రాడ్డు బిగించే భాగం) 42 మి.మీ. క్రితం సీజన్‌కు ముందు క్రాంకును 0.25 మి.మీ. అండర్‌సైజుకు (వ్యాసం అంత తగ్గేలా) గ్రైండింగ్ చేయించాం. రబ్బరున్న పుల్లీ తీసేసి అల్యూమినియం పుల్లీ వేశాం. రెవ్ లిమిటర్ (ఇంజిన్ వేగాన్ని హద్దులో ఆపేది) 8500 ఆర్‌పీఎం. మూడో రేసులో, మెయిన్ స్ట్రెయిట్ చివర గేరు దించి బ్రేకు వేస్తుండగా రెండో క్రాంక్‌పిన్ దగ్గర క్రాంకు రెండు ముక్కలైంది. పగులు పిన్ను మూల నుంచి వెబ్ (పిన్నునూ జర్నల్‌నూ కలిపే పలక) మీదుగా ఏటవాలుగా పోయింది. ఇప్పుడు మా ముందు మూడు దారులున్నాయి. పాత విడిభాగాల బజారు పుదుపేటలో దొరికిన క్రాంకును ఆఫ్‌సెట్ గ్రైండింగ్ (పిన్ను కేంద్రం జరిగేలా సానపట్టడం) చేసి స్ట్రోకు 78కి పెంచడం ఒకటి. దగ్గర్లోని సీఎన్‌సీ షాపులో ఈఎన్24 ఉక్కు బిల్లెట్ (నిండు కడ్డీ) నుంచి చేయించడం రెండోది. నైట్రైడింగ్ (పైపొరలోకి నైట్రోజన్ ఎక్కించి గట్టిపరచడం) చేసిన ఈఎన్40బీ ఉక్కు క్రాంకును విదేశం నుంచి తెప్పించడం మూడోది. ఏది ఎక్కువ కాలం నిలుస్తుంది?

జవాబు: ఏ ఉక్కు అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి. విరిగిన ముక్కలు పారేయకుండా ఉంచారని ఆశిస్తున్నాం. కొత్త క్రాంకు మీద రూపాయి పెట్టే ముందు ఆ ముక్కలు చెప్పేది వినాలి.

పదే పదే పడే భారానికి క్రాంకు రెండు రకాలుగా అలసి విరుగుతుంది. మెలితిప్పు వల్ల విరిగితే పగులు సాధారణంగా ఆయిల్ రంధ్రం అంచున పుట్టి, పిన్ను చుట్టూ 45 డిగ్రీల కోణంలో మెలికలా తిరుగుతుంది. వంపు వల్ల విరిగితే పిన్నూ వెబ్బూ కలిసే మూలలో, అంటే ఫిల్లెట్‌లో పుట్టి, వెబ్‌ను ఏటవాలుగా కోసుకుంటూ పోతుంది. మీరు చెప్పింది రెండో రకం. విరిగిన ముఖాన్ని డీజిల్‌తో కడిగి ఎండలో పక్కకు వంచి చూడండి. గవ్వ మీద గీతల్లాంటి వంపు చారలు ఒక బిందువు చుట్టూ కనిపిస్తాయి. ఆ బిందువే పగులు పుట్టిన చోటు. చారలున్న మేర నున్నగా, మిగతాది గరుకుగా ఉంటుంది. నున్నటి భాగం ఎక్కువగా ఉంటే పగులు చాలా కాలంగా పెరుగుతూ వచ్చిందనీ, ఆ రోజు జరిగింది చివరి తెంపు మాత్రమేననీ అర్థం.

ఫిల్లెట్‌లో పుట్టిన పగులు, దానికి ముందు 0.25 గ్రైండింగ్. ఈ రెండూ పక్కపక్కన ఉన్నప్పుడు మా అనుమానం ముందు గ్రైండింగ్ రాయి మీదికే పోతుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఆ మూలలో నున్నటి గుండ్రదనం ఉంటుంది. బోరింగ్ షాపులో రాయి అంచును సరైన రేడియస్‌కు డ్రెస్ చేయకుండా గ్రైండ్ చేస్తే ఆ గుండ్రదనం పోయి దాదాపు చదరపు మూల మిగులుతుంది. లోపలికి దారి చూపించే గీత ఒక్కటుంటే చాలు, అలసట అక్కడే మొదలవుతుంది. రోజూ రోడ్డు మీద 4000 ఆర్‌పీఎం దాటని ఇంజిన్ ఆ తప్పును ఏళ్ల తరబడి మోస్తుంది, 8500లో తిరిగేది మోయలేదు. రేడియస్ గేజ్ తీసుకుని విరగని మిగతా మూడు పిన్నుల మూలలు కొలవండి. 42 మి.మీ. పిన్నుకు 2.5 మి.మీ. ఫిల్లెట్ ఉంటే మంచిది, 2కి తగ్గితే రేసుకు పనికిరాదన్నది మా మాట. ఒకటిన్నర, అంతకంటే తక్కువ వస్తే దోషి దొరికినట్టే.

గ్రైండింగ్ చేసే మరో నష్టం కంటికి కనబడదు. చాలా క్రాంకులకు పైన గట్టి పొర ఉంటుంది. ఉప్పు స్నానంలో చేసే నైట్రోకార్బ్యురైజింగ్‌లో, మన వాళ్లు టఫ్‌ట్రైడింగ్ అనేదానిలో, పైపొర మందం 10 నుంచి 20 మైక్రాన్లే. 0.25 అండర్‌సైజ్ అంటే ఒక్కో పక్క 0.125 మి.మీ., అంటే 125 మైక్రాన్లు పోయినట్టు. పొర మొత్తం కొట్టుకుపోతుంది. గ్రైండింగ్ అయ్యాక మళ్లీ ట్రీట్‌మెంట్ చేయించకపోతే మీరు వాడింది పచ్చి ఉక్కే.

ఇక అది విరిగిన క్షణం సంగతి. బ్రేకు వేస్తుంటే విరగడం చూసి ఆశ్చర్యపోకండి. పిస్టన్ పైకి వెళ్లి ఆగి వెనక్కి తిరిగేటప్పుడు రాడ్డు పిన్నును పైకి లాగుతుంది. ఎగ్జాస్ట్ స్ట్రోకు చివర, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినప్పుడు, ఆ లాగుడుకు ఎదురు నిలిచే గ్యాసు ఒత్తిడి ఉండదు. మీ కొలతలతో లెక్క వేద్దాం. పిస్టన్, పిస్టన్ పిన్ను, రింగులు, రాడ్డు పై భాగం కలిపి 450 గ్రాములు, రాడ్డు పొడవు 120 మి.మీ. అనుకుంటే, 6500 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో క్రాంక్‌పిన్ మీద లాగుడు సుమారు 1050 కిలోలు. 7500 దగ్గర 1400. 8500 దగ్గర 1800. వేగం రెట్టింపైతే ఈ బలం నాలుగు రెట్లవుతుంది.

అందుకే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) లాగ్‌లో ఆ ల్యాప్ గరిష్ఠ ఆర్‌పీఎం చూడమంటున్నాం. రెవ్ లిమిటర్ ఇంధనాన్నో స్పార్కునో ఆపగలదు గానీ, నాలుగు నుంచి మూడుకు బదులు రెండులో పడిన గేరును ఆపలేదు. చక్రాలే ఇంజిన్‌ను తిప్పేస్తాయి. 9400 కనబడితే ఆ బలం 8500 మీద ఉన్నదానికి మరో 22 శాతం ఎక్కువ. అప్పుడు ఫిల్లెట్‌తో పాటు గేరు మార్పిడి కూడా బాగుచేసుకోవాలి. అలా ఒక్కసారి జరిగినా క్రాంకు దించి పగుళ్ల పరీక్ష చేయించాల్సిందే.

ఇప్పుడు మీ మూడు దారులు.

మొదటిది వద్దు. గట్టిగా చెబుతున్నాం. 78 స్ట్రోకు రావాలంటే పిన్నును ఒక పక్కకు జరిపి 39.5 మి.మీ.కు గ్రైండ్ చేయాలి. క్రాంకు బలంలో పెద్ద పాలు ఓవర్‌ల్యాప్‌ది. అంటే పక్క నుంచి చూస్తే మెయిన్ జర్నల్ వలయం, పిన్ను వలయం ఒకదాని మీద ఒకటి ఎంత మేర పడుతున్నాయన్నది. రెండు వ్యాసాలూ కలిపి సగం చేసి, అందులోంచి స్ట్రోకులో సగం తీసేయండి. ఇప్పుడున్నదానికి 43.5 లోంచి 37.75 పోతే 5.75 మి.మీ. మార్చాక 42.25 లోంచి 39 పోతే 3.25. సరిగ్గా పగులు నడిచిన దారిలోనే ఉక్కు దాదాపు సగం తగ్గిపోతుంది. పిన్ను బలం వ్యాసం ఘనాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అక్కడ మరో 17 శాతం పోతుంది. ఇంతా చేస్తే వచ్చేది 1342 సీసీ, అంటే 44 సీసీ అదనం. మీ క్లాసు పరిమితి 1300 అయితే స్క్రూటినీ దగ్గరే బండి ఆగిపోతుంది. దేశంలో మోటారు రేసులను నియంత్రించే ఎఫ్‌ఎంఎస్‌సీఐ సాంకేతిక నియమాల్లో స్ట్రోకు మార్పు గురించీ, క్రాంకు పదార్థం గురించీ ఏముందో ఏ ఆర్డరుకైనా ముందు చదవండి. కొన్ని క్లాసుల్లో ఒరిజినల్ క్రాంకు తప్ప మరేదీ ఒప్పుకోరు.

పుదుపేట సరుకంతా చెడ్డదని కాదు. కానీ వాడిన క్రాంకు ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగిందో, ఎప్పుడైనా ఆయిల్ లేక పట్టేసిందో ఎవరూ చెప్పలేరు. పట్టేసిన పిన్నుకు వెల్డింగ్ పోసో, మెటల్ స్ప్రే చేసో సైజు తెచ్చి అమ్మినవి కూడా అక్కడ ఉంటాయి. హార్డ్ క్రోమ్ వేసినవీ ఉంటాయి. ఈ మూడూ అలసటకు తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. పిన్ను అంచున రంగు తేడాగా, నీలం మచ్చగా కనబడితే ముట్టుకోకండి. పోత క్రాంకో ఫోర్జింగో తెలుసుకోవడం మాత్రం తేలిక. పోత క్రాంకు వెబ్ మీద అచ్చు కలిసిన చోట సన్నటి పదునైన గీత ఉంటుంది. ఫోర్జింగ్‌కు అదే చోట వెడల్పాటి పట్టీలా గ్రైండ్ చేసిన ఆనవాలు ఉంటుంది. తాడుకు వేలాడదీసి చిన్న సుత్తితో తడితే ఫోర్జింగ్ గంటలా మోగుతుంది, పోతది తొందరగా మూగబోతుంది.

రెండో దారికీ మూడో దారికీ మధ్య తేడా మీరు అనుకుంటున్నంత ఉక్కు పేరులో లేదు. ఈఎన్24 మంచి ఉక్కే. అమెరికన్ 4340కి దగ్గరి బంధువు. నికెల్, క్రోమియం, మాలిబ్డినం ఉంటాయి. టీ కండిషన్‌లో (హార్డెనింగ్, టెంపరింగ్ చేసిన ఒక స్థితిలో) 850 నుంచి 1000 మెగాపాస్కల్ బలం ఇస్తుంది. ఈఎన్40బీ ప్రత్యేకంగా నైట్రైడింగ్ కోసమే తయారైంది. అందులో క్రోమియం 3 శాతం దాకా ఉంటుంది కాబట్టి పైపొర గట్టిదనం 800 హెచ్‌వీ (వికర్స్ కొలత) దాటుతుంది. ఈఎన్24ను నైట్రైడ్ చేస్తే 600 దగ్గరే ఆగుతుంది. కానీ నైట్రైడింగ్ వల్ల అసలు లాభం గట్టిదనం ఒక్కటే కాదు. నైట్రోజన్ లోపలికి చొచ్చుకుని ఉపరితలాన్ని నొక్కిపెట్టి ఉంచుతుంది. నొక్కుడులో ఉన్న ఉక్కు తెరుచుకోవడానికి మొండికేస్తుంది. ఫిల్లెట్‌లో మనకు కావలసింది అదే. ఇండక్షన్ హార్డెనింగ్‌ను రేసు క్రాంకుకు మేం రెండో స్థానంలో పెట్టడానికీ ఇదే కారణం. చాలాసార్లు జర్నల్ మాత్రమే గట్టిపడి, గట్టి భాగం ఫిల్లెట్‌కు కాస్త ముందే ఆగిపోతుంది. ఆ హద్దు దగ్గర సాగదీసే ఒత్తిడి మిగిలి, ఉన్న బలహీనతకు మరొకటి తోడవుతుంది.

కాబట్టి మా తీర్పు ఇది. 8500 తప్పనిసరైతే మూడోది, కాగితాలతో సహా వస్తే. సీఎన్‌సీ షాపు కింద చెప్పినవన్నీ రాసిస్తే రెండోది కూడా చాలు. లిమిటర్‌ను 7500కు దించగలిగితే మీరు అడగని నాలుగో దారి ఉంది, డబ్బు ఆదా చేసేదీ అదే. కొత్త ఒరిజినల్ క్రాంకు కొనండి, గ్రైండింగ్ జోలికి పోకండి, ఆయిల్ రంధ్రాల అంచులు గుండ్రం చేయించి, బాలెన్సింగ్, నైట్రోకార్బ్యురైజింగ్ చేయించండి. మిగిలిన డబ్బు తేలిక పిస్టన్ల మీద పెట్టండి. పైన వేసిన లెక్క ప్రకారం పిస్టన్ బరువు 50 గ్రాములు తగ్గితే, 8500 దగ్గర ఒక్కో పిన్ను మీద 200 కిలోల లాగుడు తగ్గుతుంది. ఏ ఖరీదైన ఉక్కూ ఇంత తేలిగ్గా ఈ పని చేయలేదు.

సీఎన్‌సీ షాపుకు ఇచ్చే ఆర్డరులో "ఈఎన్24 క్రాంకు" అని మాత్రమే రాస్తే వచ్చేది కూడా అంతే. కడ్డీ మిల్లు సర్టిఫికెట్ అడగండి. అది వచ్చినా కడ్డీ చివరి ముక్క కోసి ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబులో ఏ లోహం ఎంతుందో చెప్పే స్పెక్ట్రో టెస్ట్ చేయించండి. గిండీ, అంబత్తూరు చుట్టుపక్కల ఈ పరీక్ష కష్టమేమీ కాదు. కడ్డీ నడిమధ్య దాకా అల్ట్రాసోనిక్ పరీక్ష కూడా కావాలి. ఫోర్జింగ్‌లో ఉక్కు పోగులు పిన్నుల చుట్టూ వంగి పారుతాయి. బిల్లెట్‌లో అవి నిటారుగానే ఉండి ప్రతి వెబ్ దగ్గరా తెగుతాయి. అందుకే బిల్లెట్‌కు శుభ్రమైన ఉక్కు తప్పనిసరి, వాక్యూమ్ డీగ్యాసింగ్ చేసినదని సర్టిఫికెట్‌లో ఉండాలి.

హీట్ ట్రీట్‌మెంట్ వరుస చాలామంది తప్పే చోటు. ముందు రఫ్ మెషినింగ్, తర్వాత హార్డెనింగ్, టెంపరింగ్, ఆ తర్వాత సెమీ ఫినిష్, ఒత్తిడి వదిలించే స్ట్రెస్ రిలీఫ్, ఫినిష్‌కు కాస్త ముందు దాకా గ్రైండింగ్, చివరికి నైట్రైడింగ్. టెంపరింగ్ వేడి నైట్రైడింగ్ వేడి కంటే కనీసం 30 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. 500 డిగ్రీల దగ్గర టెంపర్ చేసిన క్రాంకును 520 దగ్గర గంటల తరబడి నైట్రైడ్ చేస్తే పైన గట్టిపడుతూ లోపల మెత్తబడుతుంది. స్ట్రెస్ రిలీఫ్ ఎగ్గొడితే నైట్రైడింగ్ పొయ్యిలో క్రాంకు వంగి వస్తుంది. అప్పుడు షాపువాళ్లు ప్రెస్‌లో పెట్టి సరిచేస్తామంటారు. ఒప్పుకోకండి. నైట్రైడ్ అయిన పొర వంచితే చిట్లుతుంది, ఆ చిట్లు కంటికి కనబడదు.

గ్యాస్ నైట్రైడింగ్‌లో 0.4 నుంచి 0.5 మి.మీ. లోతు రావాలంటే యాభై, అరవై గంటలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. "ఒక్క రాత్రిలో ఇస్తాం" అనే చోట ఆ లోతు రాదు. క్రాంకుతో పాటు అదే ఉక్కు ముక్క ఒకటి పొయ్యిలో పెట్టించి, దాన్ని కోసి లోతు కొలిపించండి. పైన ఏర్పడే పెళుసైన తెల్లపొరను జర్నల్స్ మీద 0.02, 0.03 మి.మీ. లాపింగ్‌తో (సన్నటి పొడితో రుద్ది) తీసేయాలి.

ఫిల్లెట్ 2.5 అని డ్రాయింగులో రాయించేటప్పుడు బేరింగులను మరచిపోకండి. పెద్ద ఫిల్లెట్ మీద మామూలు బేరింగ్ షెల్ అంచు ఎక్కి కూర్చుంటుంది, పది నిమిషాల్లో అంచు కాలిపోతుంది. షెల్స్‌కు ఛాంఫర్, అంటే ఏటవాలుగా కోసిన అంచు, ఉండాలి. ప్రష్యన్ బ్లూ పూసి చేత్తో తిప్పి, షెల్ అంచుకు రంగు అంటలేదని చూసుకోవాలి.

ఏ దారిలో వచ్చిన క్రాంకైనా పెట్టె విప్పగానే మాగ్నాఫ్లక్స్‌కు, అంటే అయస్కాంతంతో చేసే పగుళ్ల పరీక్షకు, పంపండి. తడి ఫ్లోరోసెంట్ పద్ధతిలో, అతినీలలోహిత దీపం కింద చూడాలి. పొడవునా కరెంటు పంపి ఒకసారి, కాయిల్‌లో పెట్టి ఒకసారి, రెండు దిశల్లోనూ చేయమనండి. ఒక్క దిశలో చేస్తే ఆ అయస్కాంత క్షేత్రానికి సమాంతరంగా ఉన్న పగులు దాక్కుంటుంది. ఫిల్లెట్లు, ఆయిల్ రంధ్రాల నోళ్లు, ముందు ముక్కు మీద కీ గాడి, ఫ్లైవీల్ బోల్టు రంధ్రాలు, ఈ నాలుగు చోట్లా నిదానంగా చూడాలి. అయ్యాక డీమాగ్నెటైజ్ చేయకపోతే ఇంజిన్‌లో పుట్టే ఇనుప రజను అంతా జర్నల్స్‌కే అంటుకుని బేరింగులను గీస్తుంది.

బ్లాకు సంగతి మీరు రాయలేదు, మాకు అదే దిగులు. క్రాంకు విరిగిన బ్లాకులో మెయిన్ టన్నెల్ (మెయిన్ జర్నల్స్ కూర్చునే రంధ్రాల వరుస) కదిలి ఉండే అవకాశం ఎక్కువ. ఐదు మెయిన్లూ ఒకే గీతలో లేకపోతే కొత్త క్రాంకు ప్రతి చుట్టులోనూ వంగి లేస్తుంది. 8500 ఆర్‌పీఎం అంటే నిమిషానికి 8500 సార్లు. క్యాపులు టార్క్ చేసి, టన్నెల్‌లో స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి 0.04 మి.మీ. ఫీలర్ దూరితే లైన్ హోనింగ్ (రంధ్రాలన్నీ ఒకే గీతలోకి తెచ్చే సాన) చేయించకుండా ముందుకు పోవద్దు. క్రాంకును కొస మెయిన్ల మీద వీ బ్లాకుల్లో పెట్టి నడిమి మెయిన్ మీద డయల్ ముల్లు చూడండి. రనౌట్ 0.02 మి.మీ. లోపు ఉండాలి. జర్నల్స్ గుండ్రదనంలో, వాలులో తేడా 0.005 దాటకూడదు.

ఆయిల్ క్లియరెన్స్‌కు పాత లెక్క ఇప్పటికీ నమ్మకమైనదే: జర్నల్ వ్యాసంలో వెయ్యో వంతు. 45కి 0.045, రేసుకు 0.055 దాకా. బేరింగులు బిగించి, క్యాపులు పూర్తి టార్క్‌లో ఉండగా బోర్ గేజ్‌తో కొలవాలి. ప్లాస్టిగేజ్ (నలిగిన వెడల్పును బట్టి ఖాళీ చెప్పే ప్లాస్టిక్ తీగ) సరిచూసుకోవడానికి మాత్రమే.

బాలెన్సింగ్‌ను మొదట క్రాంకు ఒంటరిగా, తర్వాత పుల్లీ, ఫ్లైవీల్, క్లచ్ కవర్ ఒక్కొక్కటిగా చేర్చి చేయించండి. క్లచ్ కవర్ ఏ స్థానంలో ఉందో పంచ్ గుర్తు పెట్టించండి. జీ2.5 అనే బాలెన్సింగ్ గ్రేడు అడిగితే, 10 కిలోల క్రాంకుకు 8500 దగ్గర మిగలదగిన తేడా మొత్తం 28 గ్రామ్-మి.మీ. అంటే కేంద్రానికి 40 మి.మీ. దూరంలో 0.7 గ్రాము. నాలుగు సిలిండర్ల ఇన్‌లైన్‌కు బాబ్ వెయిట్లు (పిస్టన్, రాడ్డు బరువుకు బదులు పిన్నుకు కట్టే బరువులు) అక్కర్లేదు. తేలిక కోసం కౌంటర్ వెయిట్లు (పిన్నుకు ఎదురుగా ఉండే బరువులు) కోయించాలని అనిపిస్తుంది, వద్దు. అవి తగ్గితే ఆ భారం నడిమి మెయిన్ బేరింగ్ మీదికి పోతుంది.

అల్యూమినియం పుల్లీ మీ క్రాంకును విరిచిందని పగులు చెప్పడం లేదు. అయినా తీసేయండి. రబ్బరు వలయం ఉన్న పుల్లీని ఫ్యాక్టరీ అలంకారానికి పెట్టలేదు, మెలితిప్పు కంపనాన్ని మింగడానికి పెట్టింది. పాతది రబ్బరు చీలిపోయో ఉబ్బిపోయో ఉంటే కొత్తది కొనండి. ఫ్లైవీల్‌ను కూడా బాగా తేలిక చేయించి ఉంటే ఇది మరీ ముఖ్యం.

కొత్త క్రాంకు వేశాక మొదటి రేసు వారాంతం తర్వాత ఒకసారి, ఆపైన ఇంజిన్ తిరిగిన ప్రతి 10 గంటలకు ఒకసారి దించి పగుళ్ల పరీక్ష చేయించండి. గంటలు ఒక నోటుబుక్కులో రాయండి, "సుమారుగా" అన్న మాట అందులో ఉండకూడదు. సీజన్ మధ్యలో క్రాంకు బయట ఉంటే బల్ల మీద పడుకోబెట్టకుండా ఫ్లైవీల్ బిగించే కొస నుంచి నిటారుగా వేలాడదీసి, తుప్పు నూనె దట్టంగా పూసి ప్లాస్టిక్ చుట్టండి. చెన్నై ఉప్పుగాలికి వారం రోజుల్లో పిన్ను మీద చుక్క తుప్పు వస్తుంది. దాన్ని ఎమరీతో రుద్ది తీసినా కింద గుంట మిగులుతుంది. ఆ గుంట ఫిల్లెట్‌లో పడితే ఆ క్రాంకును మళ్లీ ఇంజిన్‌లో పెట్టకండి.